ఈ కారు ఆగిన రోజున

ఆ మంగళవారం పొద్దున తోకియే వేసుకున్న పథకం చాలా చిన్నది. మొగుడు కురిహారా తమోత్సు పెరట్లో ముల్లంగి మళ్ళకు నీళ్ళు పెట్టే అరగంటలో, తను వీధి చివరి మెకానిక్ షెడ్డుకు వెళ్ళాలి. షెడ్డు యజమాని ఇగరాషి చేతిలో వెదురాకుల్లో చుట్టిన ఉండ్రాళ్ళ పెట్టె ఒకటి పెట్టి, వంగి దణ్ణం పెట్టి, చప్పుడు చేయకుండా తిరిగి రావాలి. అంతే. దాంతో ఇంటి ముందున్న తెల్ల కారు పీడ వదిలిపోవాలి.

కారు వయసు ముప్పై ఒకటి. తిరిగింది నాలుగు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు. ఐదేళ్ళ క్రితం తమోత్సుకు డెబ్భై నాలుగు నిండినప్పుడు, లైసెన్సు పోలీస్ స్టేషన్లో తిరిగిచ్చేయమని తోకియే మెల్లగా అడిగింది. ఆయన బోనెట్ మీద అరచెయ్యి ఆనించి, "ఈ కారు ఆగిన రోజున నేనూ ఆగుతాను" అని మాటిచ్చాడు. ఇరవై ఆరేళ్ళ కారు, మహా అయితే ఇంకో ఏడాది నడుస్తుందిలే అనుకుని తోకియే సంబరపడింది. ఆమె జీవితంలో వేసిన అంచనాల్లో ఇంత ఘోరంగా తప్పినది మరొకటి లేదు.

తప్పు కారుది కాదు, తమోత్సుది. ఆ సముద్రపు ఊళ్ళో చలికాలం వస్తే మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పదేళ్ళు తిరిగేసరికి ఆ ఉప్పు ఎవరి కారునైనా అడుగు నుంచి తినేస్తుంది. తమోత్సు మాత్రం చలికాలంలో ప్రతి సాయంత్రం స్నానాల తొట్టిలో మిగిలిన వేడినీళ్ళు బకెట్లతో మోసుకెళ్ళి, గచ్చు మీద పడుకుని మరీ కారు అడుగు కడిగేవాడు. ముందు ఆయన, తరవాత ఆవిడ, ఆఖరున కారు. ఇంట్లో స్నానాల వరస అది. ఐదు వేల కిలోమీటర్లు తిరగడం ఆలస్యం, ఇంజనాయిలు మార్చి నోటు పుస్తకంలో రాసుకునేవాడు. ఇప్పుడు నడుస్తున్నది పదకొండో పుస్తకం. పెళ్ళిరోజు ఎప్పుడని అడిగితే తడుముకునేవాడు గానీ, రేడియేటర్ ఎప్పుడు మార్చారని అడిగితే వారంతో సహా చెప్పేవాడు.

ఇంత చేసినా తన సంగతి మాత్రం చూసుకోలేకపోయాడు. ఏప్రిల్లో ఇంటి గేటు స్తంభాన్ని రాసుకుపోయాడు. స్తంభం అడ్డం వచ్చిందన్నాడు. జూన్లో ఎదురు దారిలోకి తిప్పి, ఊరంతా తప్పుగా వస్తోందన్నాడు. వేడి నీటి ఊటల స్నానశాలకు రోజూ పగటిపూట ఇద్దరూ షికారుగా వెళ్ళే దారిలో పసిపిల్లల బడి ఒకటుంది. పసుప్పచ్చ టోపీలు పెట్టుకుని పిల్లలు వరసగా రోడ్డు దాటే మలుపు అది. ఆ మలుపు వచ్చేసరికి తోకియే ఒళ్ళో చేతులు పెట్టుకుని, పెదాల మీద చిరునవ్వు అతికించుకుని, కళ్ళు గట్టిగా మూసుకునేది. ఏదో ఒక రోజు ఆ టోపీల్లో ఒకటి కారు కింద కనబడుతుందని ఆమెకు నిద్ర పట్టేది కాదు.

ఈ నెలాఖరున కారుకు రెండేళ్ళకోసారి జరిగే తనిఖీ ఉంది. తనిఖీలో పోయిన కారు రోడ్డెక్కకూడదు. కారు పోతే మొగుడి మాట ప్రకారం లైసెన్సూ పోతుంది. తనిఖీ చేసేది ఇగరాషి. ఈ దారి చూపించింది పక్కింటి హత్సుయే.

"మా ఆయన కూడా ఇంకో ఏడాది, ఇంకో ఏడాది అంటూనే ఉన్నాడు వదినా. చివరికి ఏమైంది? బ్రేకనుకుని ఇంకోటి తొక్కి, అద్దాలు పగలగొట్టుకుని కారుతో సహా క్షౌరశాలలోకి వెళ్ళాడు. క్షవరానికి వస్తున్నానని ముందుగా చెప్పి కూడా పెట్టుకోలేదు."

"ఇగరాషితో ఏమని చెప్పను? మీ చేత్తో పెంచిన కారును మీ చేత్తోనే చంపండి అని ఎలా అంటాను?"

"నువ్వేం అనక్కర్లేదు. మంచి పెట్టె ఒకటి ఇచ్చి, తనిఖీ మాట ఎత్తి, అక్కడ ఆపెయ్యి. మిగతాది వాళ్ళే అర్థం చేసుకుంటారు. మన ఊళ్ళో నోరు విప్పి అడిగేవాళ్ళెవరున్నారు?"

నిజమే, ఎవరూ లేరు. అందుకే తోకియే షెడ్డులో అడుగుపెట్టి, పెట్టె రెండు చేతులతో అందించి, "ఏమంత గొప్పవి కావు" అని, "నెలాఖరున మా కారు తనిఖీ ఉంది కదా... ఆ విషయంలో..." అని ఆపేసి నడుం విరిగేలా వంగింది. 

ఇగరాషి అరవై దాటిన మనిషి. ఆ కారును కొత్తగా అమ్మింది వాళ్ళ నాన్న, దానికి మొదటిసారి ఆయిలు మార్చింది తను. ఆయన పెట్టె మీది కొట్టు పేరు చూశాడు. స్టేషను ఎదుటి పాత కొట్టు. అక్కడి పెట్టెలు ఊరికే ఎవరూ ఇవ్వరు. తరవాత వంగిన నడుం వంక చూశాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"అర్థమైందమ్మగారూ. ఇక మీరేం చెప్పొద్దు. అంతా నేను చూసుకుంటా."

తోకియే గాల్లో తేలినట్టు ఇంటికి వచ్చింది.

శుక్రవారం ఇగరాషి ఫోన్ చేసి, తనిఖీకి ముందు కారును ఒకసారి చూస్తానన్నాడు. తమోత్సు ఎప్పుడూ లేనంత హుషారుగా బయల్దేరాడు. డిక్కీలో ఏదో గుడ్డలో చుట్టి పెట్టుకుని వెళ్ళడం తోకియే చూసింది గానీ, పనిముట్లనుకుంది. సాయంత్రం ఆయన తిరిగొచ్చేసరికి ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఇంజను ఆపేసి తోసుకొచ్చారా?" అని ఆశగా అడిగింది.

"నడుస్తూనే ఉంది. చప్పుడు లేదంతే" అన్నాడు తమోత్సు. ఎందుకో ముఖంలో కళ లేదు.

అద్దానికి ఇగరాషి రాసిన చీటీ అంటించి ఉంది. 'మీరు చూపిన అభిమానానికి నా చిన్న బదులు. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, రబ్బరు గొట్టాలు కొత్తవి వేశాను. డబ్బు మాట ఎత్తవద్దు.' తోకియే ఆ చీటీ రెండుసార్లు చదివి, అక్కడే మెట్టు మీద కూలబడింది. తీసుకున్న కానుకకు బదులు ఇవ్వకపోతే ఆ ఊళ్ళో తలెత్తుకు తిరగలేరు. ఇగరాషి బదులిచ్చాడు. తను ఇచ్చిన ఉండ్రాళ్ళు కారు లోపల బెల్టులై కూర్చున్నాయి.

"చిన్న పెట్టె అయిపోయింది వదినా" అంది హత్సుయే. "ఇంత పెద్ద పనికి ఉండ్రాళ్ళు ఏమూలకి? ఎప్పటిలాగే బాగా చూడమంటున్నావనుకున్నాడు పాపం. ఇంకాస్త బరువైంది పట్టుకెళ్ళు, అప్పుడు గుచ్చుకుంటుంది."

తోకియే దూది పరిచిన పెట్టెలో ఒకే ఒక్క గుత్తి ఉన్న ఖరీదైన ఆకుపచ్చ ద్రాక్ష పట్టుకెళ్ళింది. ఇగరాషి అది చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "అయ్యో అమ్మగారూ, మళ్ళీనా" అన్నాడు. ఆయన వెనకాల బల్ల మీద ఖరీదైన బియ్యం సారా సీసా ఒకటి, చుట్టిన కాగితం కూడా విప్పకుండా ఉంది. ఎవరో పాపం, తమ బండి గట్టెక్కించమని తెచ్చి ఉంటారనుకుంది తోకియే.

"మీ ఇంట్లో మనసులు చూస్తుంటే నాకు మాట రావడం లేదమ్మా" అన్నాడు ఇగరాషి. ఆ మాట ఆమెకు బోధపడలేదు.

ఈసారి ద్రాక్షపండ్లు నాలుగు షాక్ అబ్జార్బర్లు, నాలుగు చక్రాల బ్రేకులు అయి తిరిగొచ్చాయి. వీధి మలుపులోని గుంట మీద నుంచి వెళ్ళినా లోపల టీ గ్లాసు తొణకడం లేదు. తనే డబ్బు పెట్టి తన మొగుణ్ణి ఇంకా వేగంగా రోడ్ల మీదికి తోలుతున్నట్టు పక్క సీట్లో కూర్చున్న తోకియేకి అనిపించింది.

ఇక లాభం లేదు, నోరు తెరిచే తీరాలి. పుట్టి డెబ్భై రెండేళ్ళయ్యాక ఆమె మొదటిసారి ఒక విషయం సూటిగా చెప్పాలని తీర్మానించుకుంది. ఉత్త చేతులతో వెళ్ళడం బాగుండదు కాబట్టి మాత్రమే, ఉప్పు పట్టించి ఆరబెట్టిన సాల్మన్ చేప ఒకటి, తలా తోకాతో సహా నిలువెత్తుది, భుజాన వేసుకుని వెళ్ళింది.

"ఇగరాషి గారూ, మా కారు ఒట్టి డొక్కు. దాని మీద మీరు ఇంత కష్టపడకూడదు. పోతే పోనివ్వండి. దాన్ని తనిఖీలో గెలిపించొద్దు."

సూటిగా చెప్పేసింది. చెప్పి ఊపిరి పీల్చుకుంది. కానీ ఆ ఊళ్ళో తన వస్తువును తనే మెచ్చుకునేవాళ్ళు ఎవరుంటారు? బంగారం లాంటి కొడుకును దద్దమ్మ అనాలి, విందు పెట్టి తినడానికి ఏమీ లేదనాలి. ఇగరాషి జీవితంలో తన షెడ్డుకు వచ్చిన ప్రతి ఒక్కరూ తమ కారును డొక్కు అనే అన్నారు. ఇంత గట్టిగా అన్నది మాత్రం ఈవిడ ఒక్కతే. అంటే ఈవిడకు దాని మీద ప్రాణం ఎంత ఉండాలి?

ఆయన చేపను గుండెకు హత్తుకున్నాడు. "మీరలా అంటారని నాకు తెలుసు. నాకు శ్రమ అవుతుందని మొహమాటపడుతున్నారు. మా నాన్న మీద ఒట్టేసి చెబుతున్నా అమ్మగారూ, ఈ కారును పోనివ్వను."

"కాదండీ, నిజంగానే పోనివ్వమంటున్నా."

"ఎంత పెద్ద మనసమ్మా మీది" అని ఇగరాషి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ చేత్తోనే చేపను పట్టుకోవడం వల్ల కన్నీళ్ళు ఇంకా ఎక్కువొచ్చాయి.

ఆ తరవాత ఐదు రోజులు కారు షెడ్డులోనే ఉండిపోయింది. ఇంజను కిందికి దించారు. ఎప్పుడో తయారీ ఆగిపోయిన విడిభాగాల కోసం ఇగరాషి దేశంలోని పాత సామాను యార్డులన్నిటికీ ఫోన్లు చేశాడు. ఆ ఫోన్లలో ఒకదాన్ని పట్టుకుని జిల్లా పత్రిక విలేకరి దిగాడు. మర్నాటి పేపర్లో కారు, దానికి అటూ ఇటూ తమోత్సు, తోకియే. 'ముప్పై ఒక్క ఏళ్ళ కాపురం లాంటి కారు' అని శీర్షిక. ఫోటోలో ఇద్దరూ కొయ్యబారి నిలబడ్డారు. గర్వంతో మాట రాక అలా నిలబడ్డారని విలేకరి రాశాడు.

ఆ రోజు నుంచి చేపల కొట్లో, పోస్టాఫీసులో, స్నానశాలలో, కనబడిన వాళ్ళంతా వంగి దణ్ణాలు పెట్టారు. హత్సుయే కూడా పేపరు పట్టుకొచ్చింది. "వదినా, చంపమని పంపిస్తే పేపర్లో వేయించుకొచ్చావేంటి?" అంది.

గురువారం పోలీస్ స్టేషన్ అధికారి స్వయంగా ఇంటికొచ్చాడు. అరుగు మీద బూట్లు విప్పి, టీ తాగి, అసలు సంగతి బయటపెట్టాడు. శనివారం ఊరి రోడ్డు భద్రతా దినం. ఊరేగింపు ముందు నడిచే కారును కురిహారా గారే నడపాలి. ఇంత పొందిగ్గా కారును చూసుకునే మనిషి ఎంత జాగ్రత్తగా నడుపుతారో వేరే చెప్పాలా?

"దారి ఎటు నుంచండీ?" అని తోకియే అడిగింది.

"పసిపిల్లల బడి ముందు నుంచమ్మా. పిల్లలంతా రోడ్డు మీదే నిలబడి జెండాలు ఊపుతారు. తెగ సరదా పడుతున్నారు."

తమోత్సు టీ కప్పు కింద పెట్టేశాడు. తోకియే పక్కకు చూసింది. ఆయన ముఖం పాలిపోయి ఉంది. అయినా ఇద్దరిలో ఒక్కరూ వద్దనలేదు. అధికారి అంతటివాడు ఇంటికొచ్చి అడిగితే ఎలా అంటారు?

శుక్రవారం కారు తనిఖీ అయింది. తన షెడ్డులో ఇంత బాగా పాసైన బండి ఇంకోటి లేదని ఇగరాషి అన్నాడు. మరో రెండేళ్ళ చీటీ తన చేత్తో అద్దానికి అంటించి, దాని ముందు చేతులు జోడించాడు.

శనివారం పదింటికి తెల్ల కారు మెరుస్తూ బడి మలుపుకు వంద గజాల ఇవతల నిలబడింది. వెనకాల రెండు పోలీసు కార్లు, వాద్య బృందం. ముందు రోడ్డుకు రెండు పక్కలా పసుప్పచ్చ టోపీలు. తమోత్సు భుజం మీద పట్టీ కట్టారు. పక్క సీట్లో తోకియే ఒళ్ళో చేతులు పెట్టుకుంది. ఈసారి కళ్ళు మూసుకోలేకపోయింది. అధికారి ఈల ఊదాడు. తమోత్సు తాళంచెవి పెట్టాడు గానీ తిప్పలేదు.

"తోకియే."

"ఊఁ."

"నాకు భయంగా ఉందే."

తోకియే నిర్ఘాంతపోయి ఆయన వంక చూసింది. యాభై ఏళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట ఆమె వినలేదు.

"ఏప్రిల్లో ఇక్కడే ఎర్ర దీపం నాకు కనపడలేదు. దాటాక అద్దంలో చూస్తే పిల్లలు. వాళ్ళు ఒక్క క్షణం ముందొచ్చి ఉంటే... అప్పట్నుంచి స్టీరింగు పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి."

"మరి మానేయొచ్చు కదండీ."

"కారు ఆగిన రోజున ఆగుతానని మాటిచ్చాను. అది ఆగి చావదే. పైగా నువ్వు రోజూ పక్కన నవ్వుతూ కూర్చుంటావు. ఆ గంట షికారే నీకు సంతోషం అనుకున్నా. అదీ లాక్కుంటే నేనేం మొగుణ్ణి?"

"నేను ఈ మలుపు దగ్గర కళ్ళు మూసుకుని కూర్చుంటానండీ."

బయట అధికారి రెండోసారి ఈల ఊదాడు.

"కారును తనిఖీలో పోగొట్టమని ఇగరాషికి మూడు సారా సీసాలు ఇచ్చా" అన్నాడు తమోత్సు. "ఒక్కో సీసాకీ కారు ఇంకాస్త బాగుపడింది."

బల్ల మీది సీసా, డిక్కీలోని గుడ్డ మూట కళ్ళ ముందు తిరిగాయి. "నోరు తెరిచి చెప్పారా?"

"ఎలా చెబుతాను? సీసా ఇచ్చి వంగా."

"నేనూ వంగాను. ఉండ్రాళ్ళు, ద్రాక్ష, ఆ తరవాత చేప."

తమోత్సు ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. "ఆ చేప నీదా? షెడ్డులో వేలాడుతుంటే చూశా. బండి కోసం ఇంత చేప ఇచ్చే వెర్రివాడు ఎవడా అనుకున్నా."

తోకియేకి ముందు నవ్వొచ్చింది. తరవాత ఏడుపొచ్చింది. ఆరు నెలలుగా ఇద్దరూ ఒకే కారులో, ఒకే భయంతో, ఒకరి కోసం ఒకరు ఊటల స్నానానికి వెళ్ళొచ్చారు. ఆమె చెయ్యి చాపి తాళంచెవి బయటికి లాగేసింది. "దిగండి" అంది.

తమోత్సు దిగాడు. భుజాన పట్టీతో అలాగే నడిచి వెళ్ళి, అధికారి ముందు నడుం మడిచి, రెండు చేతులతో లైసెన్సు అందించాడు. "నాకు వయసైపోయిందండీ. ఈ పిల్లల ముందు నేను నడపకూడదు." వాద్య బృందం ఆగిపోయింది. అధికారి నోట్లోంచి ఈల జారింది. వెనకాల ఇగరాషి తెల్లబోయి, "మరి ఆ సీసాలు... ఆ చేప..." అని గొణిగి, అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఎందుకో తెలియకపోయినా పిల్లలు జెండాలు ఊపారు. తోకియేకి అప్పటికి గానీ గుండె కుదుటపడలేదు.

తేరుకున్న అధికారికి ఊరేగింపు గుర్తొచ్చింది. "ఇంట్లో ఇంకెవరికైనా లైసెన్సుందా?" అని అడిగాడు. తోకియే భయపడుతూనే సంచీలోంచి తనది తీసింది. దాని మీద బంగారు గీత ఉంది. ఏళ్ళ తరబడి ఒక్క తప్పూ చేయనివాళ్ళకే ఇచ్చే గీత అది. అధికారి బిర్రబిగుసుకుని సెల్యూట్ చేశాడు. నలభై ఆరేళ్ళుగా తను స్టీరింగే ముట్టలేదని, అందుకే దాని మీద మచ్చ పడలేదని ఆవిడ చెప్పే సందు కూడా ఇవ్వలేదు. అదృష్టవశాత్తు ఇగరాషి లేచొచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఊరేగింపు పిల్లల ముందు నుంచి నత్తనడకన, ఏ అపశ్రుతీ లేకుండా సాగిపోయింది.

కానీ ఆ ఊరికి బస్సు రోజుకు రెండుసార్లే వస్తుంది. ఇంట్లో చూస్తే రెండేళ్ళ చీటీతో కొత్తదానిలా కారు, ఆవిడ సంచీలో బంగారు గీత. పేపరు మళ్ళీ రాసింది, ఊరు మళ్ళీ వంగి దణ్ణాలు పెట్టింది. లైసెన్సుండీ బండి తోలడం రానివాళ్ళకు నేర్పే బడిలో తోకియే నెల రోజులు చేరక తప్పలేదు. మొదటి రోజు దడుచుకుంది. పదో రోజుకు హారన్ కొట్టడం ఇష్టపడింది. నెల తిరిగేసరికి, డెబ్భై రెండేళ్ళు అణచుకున్నదంతా ఆమె కాలి కింద బయటపడింది. గేర్లు కరకరలాడిస్తూ, వీధి మలుపులోని గుంట మీద నుంచి ఎగిరిస్తూ, "షాకులు ఎంత బాగున్నాయండీ, అంతా నా ద్రాక్షే" అంటూ మొగుణ్ణి స్నానశాలకు తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. ఒక్క బడి మలుపు దగ్గర మాత్రం పూర్తిగా ఆపి, అటూ ఇటూ మూడుసార్లు చూసి, వెనకాల ఎవరు హారన్ కొట్టినా కదిలేది కాదు.

తమోత్సు పక్క సీట్లో ఒళ్ళో చేతులు పెట్టుకుని, పెదాల మీద చిరునవ్వు అతికించుకుని, దారి పొడుగునా కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. పది రోజులు ఓర్చుకున్నాడు. పదకొండో రోజు పొద్దున, ఆవిడ ముల్లంగి మళ్ళకు నీళ్ళు పెడుతుండగా, వెదురాకుల ఉండ్రాళ్ళ పెట్టె పట్టుకుని ఇగరాషి షెడ్డుకు వెళ్ళాడు. ఈసారి నోరు విప్పి, ఒక్కో మాట విడివిడిగా, కారును ఆపేయమని బతిమాలాడు. "అర్థమైందండీ, అమ్మగారి గేర్ల చప్పుడు నేనూ విన్నా, అంతా నేను చూసుకుంటా" అన్నాడు ఇగరాషి.

ఆ సాయంత్రం కారుకు కొత్త క్లచ్ ప్లేట్లు పడ్డాయి.